రక్తములోని క్రొవ్వు తగ్గించు మాత్రలు

పంచాయతీ సభ్యులారా,

ఒకప్పుడు గ్రామసభలలో ఆరోగ్యమనగా కలరా, మశూచికములను గూర్చిన మాటయే. నేడు రచ్చబండపై సహితము రక్తపుపోటు, చక్కెరవ్యాధి, కొలెస్టెరాలు అను మాటలు వినవచ్చుచున్నవి. ఈ కడపటిదానికి వైద్యులిచ్చు మాత్రలను నిరపాయముగా వాడుట యెట్లో నాలుగు మాటలు మీకు మనవి చేయ దలచితిమి.

రక్తములో కొలెస్టెరాలు హెచ్చినచో రక్తనాళముల గోడలకు పట్టి, ఏండ్లు గడచుకొలది వానిని ఇరుకు చేయును. గుండెపోటు, పక్షవాతము వచ్చుట కిదియొక ముఖ్యకారణము. ట్రైగ్లిసరైడు లను మరియొక క్రొవ్వు డెసిలీటరునకు 150 మిల్లీగ్రాముల లోపుండుట మేలు. 500 దాటినకొలది క్లోమము వాచి ప్రాణాపాయము కలుగు భయమున్నది. కల్లు, సారా దీనిని పెంచును. త్రాగుడు మానక మాత్రను మాత్రము నమ్ముకొనుట ఒకచేత నీరు పోయుచు రెండవచేత తోడుట వంటిది.

కొలెస్టెరాలునకు ముఖ్యముగా స్టాటిన్ జాతి మందులను, ట్రైగ్లిసరైడులు మిక్కిలి హెచ్చినపుడు ఫెనోఫైబ్రేటు వంటివానిని ఇత్తురు. స్టాటినుల పుట్టుక రైతులకు వినసొంపుగా నుండును. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో వేలకొలది బూజులను పరీక్షించి, 1973లో బియ్యమునకు పట్టిన బూజునుండి మొదటి స్టాటినును కనుగొనెను. బూజుబియ్యము తిన్న క్రొవ్వు తగ్గునని మాత్రము ఎవరును తలపరాదు!

మందు మొదలిడుటకు ముందే కాలేయము, మూత్రపిండములు, పిత్తాశయములోని రాళ్లు, థైరాయిడు మొదలగు జబ్బులున్నచో దాచక చెప్పవలెను. గర్భిణులు, చంటిబిడ్డ తల్లులు తప్పక తెలుపవలెను. తాము వాడు ఇతర మందులను, పసరు మందులతో సహా, చూపవలెను. ఇది లాంఛనము కాదు. సెరివాస్టాటిన్ అను మందును 2001లో అమ్మకమునుండి తొలగించిరి. దానిని వాడినవారిలో, విశేషించి జెంఫిబ్రోజిల్ అను మరియొక క్రొవ్వుమందుతో కలిపి వాడినవారిలో, కండరములు కరగి మూత్రపిండములు చెడి కొందరు మరణించిరి.

గ్రామములందు మేము గమనించిన చిక్కొకటి కలదు. పట్టణపు వైద్యుడొక పేరుతో వ్రాసిన మందునే, దగ్గరి ఊరి వైద్యుడు వేరొక కంపెనీ పేరుతో వ్రాయును. రోగి రెండును మ్రింగును. పేర్లు వేరైనను లోపలిది అటోర్వాస్టాటినే కావచ్చును. కావున ఏ వైద్యునికడకు పోయినను పాత చీటీని, మాత్రల అట్టలను వెంట తీసికొని పోవలెను.

ఇక నొప్పుల సంగతి. నాట్లు, కోతల దినములలో ఒళ్లునొప్పులు అందరికి నుండునవే. అందుచేత మందువలన కలిగిన నొప్పిని పనినొప్పి యనుకొని ఊరకుండువారున్నారు. పనినొప్పి విశ్రాంతి తీసికొన్న తగ్గును. చేయని పనికి తొడలు, భుజములు రెండువైపుల నొచ్చి బలహీనమైనచో వైద్యునికి తెలుపవలెను. దానితోపాటు మూత్రము తేయాకు కషాయపు రంగున వచ్చినను, కన్నులు పచ్చబడినను మాత్ర ఆపి ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. ఇట్టి ఆపద అరుదు. దీనికి వెరచి మందే వలదనుట తగదు.

అంతకంటె తరచుగా జరుగు కీడు మరియొకటి. రక్తపరీక్షలో అంకె తగ్గినదని మాత్రను మానివేయుదురు. అంకె తగ్గినది మాత్రవలననే. మానినచో కొన్ని వారములలో మరల పెరుగును. ఒకపూట మరచినచో మరుసటి పూట రెండు మ్రింగరాదు. సింవాస్టాటినును రాత్రి వేసికొనవలెను. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ వేళనైనను సరే, దినదినము ఒకే వేళకు వేసికొనుట మరపునకు మందు. ఫెనోఫైబ్రేటు పెక్కు రకములను అన్నముతో తీసికొందురు. ఒకరి మాత్రను మరియొకరికి అరువీయరాదు.

ఖరీదునకు వెనుదీసి మందు మానువారికి జనౌషధి దుకాణముల సంగతి చెప్పుడు. అచ్చట ఇవే మందులు చౌకగా దొరకును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశమైనపుడు, మీ వార్డులో ఈ మాత్రలు వాడువారెవరో, నడుమ మానినవారెవరో ఆశా కార్యకర్తతో కలసి విచారింపుడు. మానినవారిని నిందింపక, మాత్రల అట్టలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు.