క్షయ క్రిమి: నిదానమే దాని బలం



క్షయ క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ మహాశయుడు 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించారు. మామూలు పేగు క్రిమి అనువైన చోట 20 నిమిషాలకే రెండవుతుంది. దీనికి సుమారు 20 గంటలు కావాలి. పైగా మైనపు కవచం. మందు తేలికగా లోపలికి దిగదు. ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి, వయసు మీరాకనో, చక్కెర వ్యాధి వచ్చాకనో మేల్కొనవచ్చు.

అందుకే సాధారణంగా ఆరు నెలల మందు. మా సెక్షన్ మిత్రుడొకరు దగ్గు తగ్గిందని రెండో నెలలోనే మానేశారు. జబ్బు తిరగబెట్టింది, పాత మందులకు లొంగలేదు. ఆయన మనకు దక్కలేదు.

రెండు వారాలు దగ్గు ఆగకపోతే "వయసు దగ్గులే" అనుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష, మందులు ఉచితం. ఈ ఫైలు మూసే అధికారం డాక్టరుదే, మనది కాదు.