గీత లేని పేర్లు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓటరు జాబితా గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు, "డి.ఏ. బకాయిల గురించి మాట్లాడితే చప్పట్లు పడతాయి కదండీ" అన్నారు. నిజమే. కానీ ఎన్నికల డ్యూటీ చేయనివారు ఈ హాల్లో ఎందరున్నారు? లారీల్లో పడి వెళ్ళి, బడి బల్లల మీద పడుకుని, సర్వీసు పొడుగునా ఆ పని చేశాం. వాటిలో రెండు రోజులు నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ రెండూ చెప్పి కూర్చుంటాను.

మొదటిది 1978 ఫిబ్రవరి, శాసనసభ ఎన్నికలు. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు కాలేదు. దివిసీమలో ఒక పల్లెకు పోలింగ్ ఆఫీసరుగా వేశారు. అంతకు మూడు నెలల ముందే, 1977 నవంబరు 19న, ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు వింటే మన జిల్లా వారికి ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది. వేల ప్రాణాలు పోయాయి. మాకిచ్చిన జాబితాలో మాత్రం అందరూ బతికే ఉన్నారు.

జాబితా ఇంటి నంబర్ల వరుసలో ఉంటుంది గదా. ఓటరు రాగానే నేను పేరు, తండ్రి పేరు పైకి చదవాలి. ఏజెంట్లు అవునంటే పేరు కింద గీత గీయాలి. సాయంత్రం పెట్టెకు సీలు వేశాక జాబితా తిరగేస్తే ఇళ్ళకు ఇళ్ళే గీత లేకుండా ఉన్నాయి. తాత, కొడుకు, కోడలు, ఎవరి పేరు కిందా గీత లేదు. మేం పరాయి ఊరివాళ్ళం, జాబితాలో ఫొటోలు లేని రోజులు. ఆ పేర్లతో ఎవరొచ్చి ఓటు వేసినా మాకు తెలిసేది కాదు. ఒక్కరూ రాలేదు. ఏజెంట్లలో పెద్దాయన ఒకాయన, "ఆ పేర్ల జోలికి ఎవరూ రారు బాబూ. ఊళ్ళో ఒకళ్ళకొకళ్ళం తెలుసు" అన్నాడు. జాబితాను కాపాడేది కాగితం కాదు, ఇరుగుపొరుగు కళ్ళు అని ఆ రోజు తెలుసుకున్నాను.

రెండోది 1994 డిసెంబరు. అప్పటికి ప్రిసైడింగ్ ఆఫీసరునయ్యాను. డెల్టాలో కోతల రోజులు. మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్దావిడ కొడవలి బయట పెట్టి లోపలికి వచ్చింది. చూస్తే ఆవిడ పేరు కింద అప్పటికే గీత ఉంది. "నా ఓటు నేను రాకుండా ఎవరేశారు బాబూ?" అని అడిగింది. అలాంటప్పుడు ఏం చేయాలో మనందరికీ తెలుసు. ప్రశ్నలడిగి, ఆవిడే అని నమ్మకం కుదిరితే టెండర్ బ్యాలెట్ ఇచ్చి, వివరాలు జాబితాలో రాసి, ఆవిడ సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఆ బ్యాలెట్ పెట్టెలో పడదు, మామూలు లెక్కింపులో చేరదు. కానీ ఫలానా తప్పు జరిగిందని రికార్డు ఉంటుంది. రేపు కోర్టులో అడిగితే అదే సాక్ష్యం.

బయట క్యూ, లోపల ఏజెంట్ల కేకలు. నేను, "అయిపోయిందమ్మా, వెళ్ళు" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా కొడవలి తీసుకుని చేలోకి వెళ్ళిపోయింది. రాత్రి డైరీలో "టెండర్ ఓట్లు: నిల్" అని రాసి సంతకం పెట్టాను. రికార్డు ప్రకారం ఆ బూత్‌లో ఏ తప్పూ జరగలేదు. ఆవిడ ఓటు దొంగిలించిందెవరో నాకు తెలియదు. దొంగతనం జరిగిందన్న మాటను చెరిపేసింది మాత్రం నేనే. ఇంతవరకు ఈ సంగతి మా ఇంట్లో కూడా చెప్పలేదు.

అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలప్పుడు, ముఖ్యంగా ఉత్తరాదిన, దాదాపు 28 లక్షల మంది స్త్రీలు సొంత పేరు చెప్పక 'ఫలానా వారి భార్య' అని రాయించుకోవడం వల్ల జాబితాకెక్కలేదు. మొన్న 2025 ఆగస్టు 14న, బీహారులో ముసాయిదాలో చోటు దక్కని సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పేరు తీసేయడం ఒక ఎత్తు, ఎందుకు తీశారో పదిమందికీ తెలియడం ఒక ఎత్తు.

మనం బతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం, అది మరిచిపోం. ఓటరు జాబితాలో బతికున్నామో లేదో మాత్రం పోలింగు రోజున గాని చూసుకోం. ముసాయిదా వచ్చినప్పుడే చూడండి. పేరు లేకపోతే ఫారం 6, ఎవరి పేరు మీదనైనా అభ్యంతరం ఉంటే ఫారం 7, తప్పులకూ ఇల్లు మారినప్పుడూ ఫారం 8. అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అప్పీలుకు వెళ్ళవచ్చు. 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఫారం 12డి మీద ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. మీ పేరు చూసి జాబితా మూసేయకండి. పక్కింటి వాళ్ళవీ, కాలం చేసిన మిత్రులవీ కూడా చూడండి. పోయినవారి పేరు తీయించడం వారికి అపచారం కాదు, వారి పేరును కాపాడటమే.

చివరిగా మన సంగతి. మన సంఘం ఎన్నికలు చాలాసార్లు చేతులెత్తించి 'ఏకగ్రీవం' అని రాసుకుని ముగిస్తున్నాం. ఎత్తని చేతుల లెక్క మినిట్స్‌లో ఉండదు. కార్యవర్గానికి నా మనవి మూడే. ఎన్నికకు 15 రోజుల ముందు సభ్యుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టండి. పోటీ ఉంటే ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఈ పత్రికలోనే అచ్చు వేయండి. ఆ కాగితాలు ఏడాదిపాటు ఉంచి, అడిగిన సభ్యునికి చూపించండి. రెండు వందల మందిమి మనమే ఇది చేయలేకపోతే పెద్ద ఎన్నికల గురించి ఎవరిని ఏమని అడుగుతాం?

ఆ పెద్దావిడకు నేను ఇవ్వాల్సిన కాగితం ఇక ఇవ్వలేను. ఆ బాకీ ఈ విధంగా కొంతైనా తీరుతుందని ఆశ.