ఆగమంటే ఆగుదాం

 

ఇవాళ మీకు రెండు వంతెనల గురించి, మన వాగు గురించి చెప్తాను.

రిషికేశ్‌లో గంగ మీద లక్ష్మణ్ ఝూలా అనే నడక వంతెన ఉంది. ఝూలా అంటే ఉయ్యాల. రెండు ఒడ్డులా ఎత్తయిన స్తంభాలు, వాటి మీదుగా లావు ఇనుప తాళ్లు, ఆ తాళ్లకు వేలాడే బాట. మనం వేసే ప్రతి అడుగు బరువూ ఆ తాళ్లే మోయాలి. పాత వంతెన 1924 వరదలో కొట్టుకుపోతే, దీన్ని కట్టి 1930లో తెరిచారు. పొడవు 450 అడుగులు. తొంభై ఏండ్లు జనాన్ని దాటించింది. ఇక బరువు మోయలేదని ఇంజినీర్లు తేల్చాక మూసేశారు. జనం చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. కానీ ప్రాణాలు దక్కాయి.

గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నది మీద కూడా అట్లాంటి 19వ శతాబ్దపు వంతెనే ఉండేది. మరమ్మతు చేసి 2022 అక్టోబర్ 26న తెరిచారు. నడిచే బాట కొత్తది, తాళ్లు మాత్రం పాతవే. నాలుగు రోజులకే, 30వ తేదీ సాయంత్రం, తాడు తెగింది. 135 మంది చనిపోయారు. ఆ తాడులోని 49 తీగల్లో 22 ముందే తుప్పు పట్టాయని విచారణ బృందం రాసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి రాఖీ పండుగకు ఇంటికి పోయిన తొమ్మిదో తరగతి పిల్ల రెండు రోజులు ఆలస్యంగా హాస్టల్‌కు వచ్చింది. నేను తిట్టాను. మరోసారి వానలో సరిగ్గా టైముకే వచ్చింది. బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. "వాగు దాటి వచ్చిన మేడం, మీరు తిడతారని" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లను వాగులోకి దింపింది నా మాటే కదా!

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీ గూడెం, మీ తండా వాగు మీద వంతెన కావాలని గ్రామసభలో అడగండి, రాసి ఇవ్వండి. కట్టిన తర్వాత ఊరుకోకండి. రంగు చూసి మురిసిపోకుండా, ఈ ఏడాది ఎవరు పరీక్షించారని కూడా అడగండి. వంతెన వచ్చేదాకా, వాగు పొంగితే ఒడ్డునే ఆగండి. ఆగడం పిరికితనం కాదు.

మా హాస్టల్ పిల్లలకైతే ఒకటే మాట. ఆ రోజు రిజిస్టర్‌లో గైర్హాజరు వేస్తాను, కానీ తిట్టను. ఫోన్ చేసి "వాగు వచ్చింది మేడం" అనండి, చాలు.

సెలవు.