చక్రము చాటున రబ్బరు తిత్తి

వన్‌టౌన్‌లో కారు నడుపుట యనగా అడుగడుగునకు స్టీరింగు త్రిప్పుటయే. కాళేశ్వరరావు మార్కెట్టు వద్ద తోపుడుబండ్లను తప్పించుకొని సందులోనికి మలుపు తీసుకొనునప్పుడు, ముందు చక్రము దగ్గరనుండి 'టక టక' మను చప్పుడు విన్నవారు మనలో కొందఱుందురు. స్టీరింగు తిన్నన కాగానే చప్పుడు ఆగును. మనమును దానిని మఱచిపోవుదుము. మేమును అట్లే మఱచితిమి. ఆ మఱపునకు ఎంత వెల చెల్లింపవలసివచ్చినదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

అంబాసిడర్ వంటి పాత కార్లను వెనుక చక్రములు త్రోయుచుండెడివి. 1983 డిసెంబరులో మారుతి 800 వీథిలోనికి వచ్చిన నాటినుండి మన యిండ్ల ముందు నిలుచు చిన్న కార్లలో పెక్కింటిని ముందు చక్రములే లాగుచున్నవి. ఆ చక్రము తిరుగవలెను, ప్రక్కలకు మరలవలెను, గుంతలకు పైకి క్రిందికి ఊగవలెను. పాతకాలపు కీలు బాగుగా వంగినచో ఒక్క చుట్టులోనే వేగము హెచ్చి తగ్గుచుండును. 1920వ దశకమున ఫోర్డు కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా ఉక్కు గుండ్లతో కూర్చిన కీలు ఈ చిక్కును తీర్చినది. అది వంగినను వేగము సమముగానే యుండును. మన మెకానిక్కులు సీవీ జాయింటు అనునది దీనినే.

ఆ గుండ్లు గాడులలో నడచుటకు గ్రీజు కావలెను. గ్రీజు బయటికి పోకుండ, దుమ్ము లోనికి రాకుండ కాపాడునది కొలిమితిత్తి వలె మడతలు గల రబ్బరు తొడుగు. దానికే బూటు అని పేరు. ఏండ్లు గడచిన కొలది రబ్బరు బిరుసెక్కి మడతల వద్ద పగులును. చక్రము తిరుగు వడికి గ్రీజు చిమ్మి రిమ్ము లోపలి వైపున నల్లగా అంటుకొనును. గ్రీజు పోయిన చోటికి ఇసుక, బురద చేరి గుండ్లను సానపట్టినట్లు అరగదీయును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి పేటలు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీటిలో నిలిచినవి. బూటు ముందే పగిలియున్న బండి అట్లు మునిగినచో కీలులోనికి నీరు చేరుట తప్పదు.

మేము రిమ్ముమీది నల్లని మరకను చూచియు, ఎక్కడిదో మసి యనుకొని తుడిచివేసితిమి. కొన్ని నెలలకు మలుపులలో చప్పుడు మొదలయ్యెను. బందరులో పెండ్లికి ఇంటిల్లిపాదిమి బయలుదేరవలసిన ముందునాడు ఆటోనగర్‌లో ఒక వృద్ధ మెకానిక్కునకు బండి చూపితిమి. "బూటు చినిగిన నాడే తెచ్చుంటే బూటుతో పోయేదండీ. ఇప్పుడు యాక్సిలే మార్చాలి. పిల్లలతో దీంట్లో దూరం పోవద్దు" అని ఆయన ఖండితముగా చెప్పెను. కీలు విఱిగినచో ఇంజను నడచుచున్నను బండి కదలదు. రాత్రివేళ నడిరోడ్డుపై నిలిచిపోవుట చిన్న ప్రమాదము కాదు. మఱునాడు బస్సెక్కితిమి.

కనుక చప్పుడు కొఱకు వేచియుండరాదు. సమతలమున బండి నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, ఇంజను ఆపి, స్టీరింగును ఒక ప్రక్కకు పూర్తిగా త్రిప్పి, చక్రము వెనుకకు టార్చి వేసి చూడుడు. తడి గ్రీజు గాని, మడతలలో చీలిక గాని కనబడునేమో పరికింపుడు. రెండవ వైపునను అట్లే చూడుడు. ఒక్కొక్క వైపున రెండేసి బూట్లుండును. చక్రము ప్రక్కనున్నది ఎక్కువగా వంగును గనుక సాధారణముగా అదియే ముందు చినుగును. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు.

చీలిక కనబడి, చప్పుడు ఇంకను రానిచో ఆలస్యము చేయక షెడ్డునకు తీసికొనిపోవలెను. యాక్సిలు విప్పించి, పాత గ్రీజును పూర్తిగా కడిగించి, గుండ్లను, గాడులను చూపించుకొని, క్రొత్త బూటు, క్రొత్త క్లిప్పులు, సీవీ జాయింటునకు తగిన గ్రీజు వేయించవలెను. పాత గ్రీజును వ్రేళ్ల నడుమ నలిపినప్పుడు ఇసుక తగిలినచో లోపలి భాగములను మఱింత జాగ్రత్తగా పరీక్షింపవలెను. చిఱుగుపై టేపు చుట్టుట, జిగురు పూయుట నిలుచునవి కావు. చప్పుడు ఇదివఱకే వచ్చుచున్నచో బూటు మాత్రము మార్చుట డబ్బు దండుగ. అరిగిన ఉక్కు మరల పెరుగదు.

వానలు పడకముందే ఒక్కమాఱు వంగి చూచుటకు పట్టునది నాలుగు నిమిషములు. మేము చూడనందున యాక్సిలు వెల చెల్లించితిమి. మీరు బూటు వెలతోనే బయటపడవలెనని మా కోరిక.