గుద్దుకోవడమే తమాషానా?

2023 అక్టోబరు 29న మన కొత్తవలస దగ్గర, కంటకాపల్లి–అలమండ మధ్య, ముందు వెళ్తున్న పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనక నుంచి ఢీకొంది. 14 మంది ప్రాణాలు పోయాయి. ఆ నుజ్జయిన బోగీలను చూసినవాళ్లెవరికీ ప్రమాదం వినోదం కాదు. అందుకే అమెరికా స్టాక్ కార్ పందేల ప్రసారాలు చూస్తే నా మనసు చివుక్కుమంటుంది.

1979లో వాటిలో ఒకటైన డేటోనా 500 పందాన్ని మొదటిసారి ఆసాంతం ప్రత్యక్షంగా చూపించారు. చివరి ల్యాప్‌లో ముందున్న రెండు కార్లు గుద్దుకున్నాయి, డ్రైవర్లు దిగి కొట్టుకున్నారు. గెలిచిన రిచర్డ్ పెట్టీ కంటే ఆ కొట్లాటనే జనం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. టీవీవాళ్లకు కిటుకు దొరికింది. ఇప్పుడు కారు పల్టీ కొడితే చాలు, నాలుగు వైపుల నుంచీ నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తారు, వ్యాఖ్యాత గొంతు పెంచుతాడు. కార్లు గుంపుగా గుద్దుకుంటే దానికి 'ది బిగ్ వన్' అని పేరు కూడా ఉంది!

కానీ పల్టీలు కొట్టే కారులో వేగం కొంచెం కొంచెంగా తగ్గుతుంది, డ్రైవరు చాలాసార్లు బతికి బయటపడతాడు. గోడకు కొట్టుకుని ఒక్కసారిగా ఆగడమే ప్రాణాంతకం. 2001 ఫిబ్రవరి 18న అదే డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ అనే డ్రైవరు అలాగే చనిపోయాడు. చూపులకు అది పెద్ద ప్రమాదంలా కూడా లేదు. తల, మెడ కదలకుండా పట్టి ఉంచే పరికరాన్ని ఆ ఏడాది అక్టోబరులోనే తప్పనిసరి చేశారు.

అందుకే, రైలుదైనా కారుదైనా, ప్రమాదం వీడియో మీ ఫోనుకు వస్తే, దయచేసి ఇంకొకరికి పంపకండి.