పిల్ల హమూర్‌ని వదిలేస్తే సరిపోదు

ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీలో వినడం కుదరనివాళ్ళు తీరిగ్గా చదువుకోండి.

నాది కోనసీమ. అబుదాబిలో ఏసీ టెక్నీషియన్‌ని. మా రూమ్‌లో బావ తొమ్మిదేళ్ళ తర్వాత ఇండియాకి వెళ్ళిపోతున్నాడు. "వెళ్ళేలోపు మన చేత్తో పట్టిన హమూర్ పులుసు తినాల్రా" అన్నాడు. ఆరుగురం డబ్బులేసుకుని బోటు మాట్లాడుకున్నాం. హమూర్ అంటే మనవైపు బొంత జాతి చేపే. రాళ్ళల్లో, పగడపు దిబ్బల్లో దాక్కుంటుంది.

ఇరవై మీటర్ల లోతులో బావ గాలానికే పడింది. కొలిస్తే 42 సెంటీమీటర్లు. ఇక్కడ 45 కన్నా చిన్నది పట్టుకెళ్ళకూడదు.

"మూడు సెంటీమీటర్లకి ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు బావ.

"వద్దు బావా, టికెట్ చేతిలో పెట్టుకుని ఫైన్ ఎందుకు?" అన్నా. మనసు చంపుకుని నీళ్ళలో వదిలేశాడు.

అది మునగలేదు! కడుపు ఉబ్బి, కళ్ళు పొడుచుకొచ్చి, వెల్లకిలా తేలింది. పక్షులు వచ్చి పొడవడం మొదలుపెట్టాయి. బావ నావైపు చూసి, "ఇప్పుడు అదీ బతకలేదు, మనమూ తినలేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తెలుసుకున్నా. ఈ చేప లోపల గాలితిత్తి ఉంటుంది. ఇరవై మీటర్ల లోతు నుంచి గబగబా లాగితే అందులో గాలి మూడింతలు అవుతుంది. అందుకే తిరిగి కిందికి దిగలేదు. ఉబ్బిందని సూదితో ఎక్కడపడితే అక్కడ పొడవకండి, పేగులు తెగుతాయి. బరువు కట్టిన తాడుతో లోతుకి దించి వదిలితే నీటి ఒత్తిడికి గాలి మళ్ళీ తగ్గుతుంది. దానికోసమే చేసిన పరికరాలు ఉన్నాయి. అమెరికాలో మెక్సికో గల్ఫ్‌లో అలాంటివి గానీ, గాలి తీసే సూది గానీ బోట్లలో ఉండి తీరాలని 2022లో చట్టమే అమల్లోకి వచ్చింది.

హమూర్‌కి ఇంకో సంగతి ఉంది. అది ముందు ఆడగా పెరుగుతుంది, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. చిన్నవి పడితే గుడ్లు పెట్టే ఆడవి పోతాయి, పెద్దవే ఏరుకుంటే మగవి పోతాయి. అందుకే దీన్ని ఎక్కువ పట్టేస్తే కోలుకోవడం కష్టం.

తప్పంతా మనలాంటి గాలపువాళ్ళదని కాదు. గర్గూర్ అనే ఇనప బుట్టల్ని అబుదాబిలో 2019లో నిషేధించారు. ఇక్కడి పర్యావరణ సంస్థ లెక్కలో, స్థిరంగా పట్టే చేపల సూచీ 2018లో 8.9 శాతం ఉంటే 2024కి 97.4 అయింది. అంటే ప్రతి జాతీ పూర్తిగా కోలుకుందని కాదు, పట్టే పద్ధతి మారిందని. కానీ సెలవు రోజు గాలం పట్టుకుని వెళ్ళేవాళ్ళం వేలమంది ఉన్నాం. తలా ఒక చేప అంటే చిన్న లెక్క కాదు.

అందుకని, తమ్ముళ్ళూ, వెళ్ళేముందు లైసెన్స్ తీసుకోండి. అబుదాబిలో అయితే తమ్ యాప్‌లో దొరుకుతుంది. వేరే ఎమిరేట్‌లో రూల్ వేరు, అక్కడిది కనుక్కోండి. సరదా లైసెన్స్‌తో పట్టినవి అమ్మకూడదు. మార్చి, ఏప్రిల్‌లో షేరీ, సాఫీ జోలికి వెళ్ళకండి. జేబులో టేపు ఉంచుకోండి. వరసగా పిల్లలే పడుతుంటే, వదులుతూ కూర్చోకుండా బోటు అక్కణ్ణుంచి తీయించండి. చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం.

బావకి ఆ రాత్రి మార్కెట్లో కొన్న షేరీతో పులుసు పెట్టాం. చింతపండు ఎక్కువైంది. "హమూర్ అయితే ఇంకా బాగుండేది" అంటూనే రెండుసార్లు వేయించుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. మొన్న ఫోన్‌లో అడిగాడు: "ఒరే, ఆ తాడు సంగతి అప్పుడే తెలిస్తే బతికేది కదరా?"

బతికేదేమో బావా. ఈసారి వెళ్ళేటప్పుడు తాడు నా సంచిలో ఉంటుంది.