సపోర్ట్ చేసిన లీడరే ఉద్యోగాలు తీసేస్తే? అమెరికాలో 11,345 మంది కథ

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

ఎలక్షన్ టైంలో మీ యూనియన్ ఒక లీడర్‌కి ఓపెన్‌గా సపోర్ట్ ఇచ్చింది అనుకోండి. మీ కష్టాలు నాకు తెలుసు, నేను చూసుకుంటా అని ఆయన ఉత్తరం కూడా రాసిచ్చాడు. గెలిచాడు. ఆ ఉత్తరం రాసి పది నెలలు కూడా కాకముందే అదే లీడర్ మీలో 11 వేల మందికి పైగా జనాన్ని ఒకేసారి ఉద్యోగాల్లోంచి తీసేశాడు. ఎలా ఉంటుంది?

ఇది నిజంగా జరిగింది. ఆ లీడర్ రోనాల్డ్ రీగన్. ఆ యూనియన్ పేరు పాట్కో, అంటే అమెరికాలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల యూనియన్. అయితే ఇది ఒక్క నమ్మకద్రోహం కథే అయితే నేను ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు. ఆ యూనియన్ ఎక్కడ లెక్క తప్పింది అన్నది మనకి పనికొచ్చే విషయం. చివరిదాకా చూడండి.

ముందు వాళ్ళ పని ఏంటో చెప్తాను. విమానం గాల్లో ఉన్నప్పుడు ఏ ఎత్తులో వెళ్ళాలి, ఎప్పుడు దిగాలి, పక్క విమానానికి ఎంత దూరంలో ఉండాలి, ఇవన్నీ కింద స్క్రీన్ ముందు కూర్చున్న కంట్రోలర్ చెప్తాడు. ఒక్క తప్పు జరిగితే వందల ప్రాణాలు. అమెరికాలో వీళ్ళు ఎయిర్‌లైన్ ఉద్యోగులు కాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1970ల చివర్లో వాళ్ళ బాధలు నిజమైనవే. పాత పరికరాలు, తక్కువ స్టాఫ్, విపరీతమైన ఒత్తిడి. దానికి తోడు 1978లో ప్రెసిడెంట్ కార్టర్ ఒక పెద్ద చట్టం మీద సంతకం పెట్టాడు, ఎయిర్‌లైన్ డీరెగ్యులేషన్. అంతకుముందు ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలి, టికెట్ ఎంతకి అమ్మాలి అన్నది ప్రభుత్వ బోర్డు తేల్చేది. ఆ చట్టం తర్వాత మెల్లమెల్లగా ఆ కంట్రోల్ పోయింది. ఎవరైనా ఎక్కడైనా తిరగొచ్చు, ఎంతకైనా అమ్ముకోవచ్చు. కొత్త కంపెనీలు, కొత్త రూట్లు, కొత్త టైమింగ్స్. ఆ లోడంతా కంట్రోలర్ల స్క్రీన్ మీదకే వచ్చింది.

కార్టర్ ప్రభుత్వంతో యూనియన్‌కి పడలేదు. సమ్మె చేస్తే ఎలా ఎదుర్కోవాలో అధికారులు అప్పుడే ప్లాన్ కూడా రెడీ చేసుకుంటున్నారు. సరిగ్గా ఆ టైంలో 1980 ఎలక్షన్ వచ్చింది.

అమెరికాలో యూనియన్లు మామూలుగా డెమొక్రాట్ల వైపు ఉంటాయి. పాట్కో మాత్రం రిపబ్లికన్ రీగన్‌కి జై కొట్టింది. 1980 అక్టోబర్ 20న రీగన్ ఆ యూనియన్ ప్రెసిడెంట్ రాబర్ట్ పోలీకి ఉత్తరం రాశాడు. సారాంశం ఏంటంటే, మీ దగ్గర మనుషులు తక్కువ, పని గంటలు ఎక్కువ, మెషీన్లు పాతవి, నేను వస్తే మంచి పరికరాలు ఇప్పిస్తాను, స్టాఫ్‌నీ పని రోజులనీ సరిచేస్తాను అని. ఇంకో విషయం, రీగన్ స్వయంగా ఒకప్పుడు యూనియన్ లీడర్. హాలీవుడ్ నటుల సంఘానికి ప్రెసిడెంట్‌గా ఉండి 1960లో సమ్మె నడిపించినవాడు. ఇక మనవాడే అనుకోవడంలో తప్పేముంది?

ఎలక్షన్‌లో రీగన్ గెలిచాడు. 1981లో చర్చలు మొదలయ్యాయి. యూనియన్ అడిగింది ఏడాదికి 10 వేల డాలర్ల పెంపు, వారానికి నాలుగు రోజులు కలిపి 32 గంటల పని, త్వరగా రిటైర్ అయ్యే అవకాశం. నిజం చెప్పాలంటే ప్రభుత్వం ఖాళీ చేతులు చూపించలేదు. జూన్‌లో సుమారు 4 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఆఫర్ చేసింది. అసలు చట్టం ప్రకారం అలాంటి ఉద్యోగులతో జీతాల గురించి బేరం ఆడటమే లేదు, అయినా ఆడింది. పోలీ మొదట ఒప్పుకున్నాడు. కానీ మెంబర్లు 95 శాతం మంది ఆ డీల్‌ని తిరస్కరించారు.

1981 ఆగస్టు 3 ఉదయం సుమారు 13 వేల మంది డ్యూటీ వదిలి బయటికొచ్చారు.

అదే రోజు రీగన్ వైట్‌హౌస్ తోటలో ప్రెస్ ముందుకొచ్చాడు. నేను కూడా యూనియన్ సమ్మె నడిపించినవాణ్ణే, ప్రైవేటు కార్మికుల సమ్మె హక్కుని గౌరవిస్తాను, కానీ మీరు ప్రభుత్వ ఉద్యోగులు, సమ్మె చెయ్యమని ప్రమాణం చేసి చేరారు, 48 గంటల్లో డ్యూటీకి రాకపోతే ఉద్యోగం పోయినట్టే అన్నాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి సమ్మె చేయడం నేరం.

గడువు లోపల వెయ్యి మందికి పైగా తిరిగొచ్చారు. మిగతావాళ్ళు రాలేదు. ఆగస్టు 5న 11,345 మందిని తీసేశారు. మళ్ళీ ఆ ఉద్యోగంలో చేరకుండా నిషేధం పెట్టారు. కోర్టులు యూనియన్‌కి భారీ ఫైన్లు వేశాయి. కొందరు లోకల్ లీడర్లని జైలుకి పంపారు. అక్టోబర్‌లో యూనియన్ గుర్తింపు కూడా రద్దయింది.

ఇది వింటుంటే మనలో చాలామందికి 2019 గుర్తొస్తుంది. తెలంగాణ ఆర్టీసీ సమ్మె. 48 వేల మంది దాకా కార్మికులు, 52 రోజులు. గడువులోపు రానివాళ్ళు తమని తామే సెల్ఫ్ డిస్మిస్ చేసుకున్నారు అన్న ముఖ్యమంత్రి కేసీఆర్ మాట మనందరం టీవీల్లో విన్నాం. 2011 సకల జనుల సమ్మెలో రాష్ట్రం కోసం బస్సులు ఆపింది కూడా ఈ ఆర్టీసీ కార్మికులే. తేడా ఏంటంటే, ఇక్కడ చివరికి నవంబర్ నెలాఖరున అందరినీ డ్యూటీలోకి తీసుకున్నారు. అమెరికాలో తీసుకోలేదు.

సరే, మళ్ళీ 1981కి వద్దాం. 13 వేల మంది మూర్ఖులా? కాదు. వాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. 1970లో 2 లక్షల మంది పోస్టల్ ఉద్యోగులు చట్టానికి వ్యతిరేకంగా సమ్మె చేస్తే ఎవర్నీ పీకలేదు, జీతాలు పెంచారు. మేము లేకపోతే విమానాలు ఆగుతాయి, విమానాలు ఆగితే ఎయిర్‌లైన్ కంపెనీలకి కోట్లలో నష్టం, ఆ ఓనర్లే వైట్‌హౌస్‌కి ఫోన్ చేసి సెటిల్ చెయ్యండి మహాప్రభో అంటారు. ఇదీ వాళ్ళ లెక్క.

ఆ లెక్క తప్పింది. ఎందుకో చూద్దాం, ఇక్కడే ఎకనామిక్స్ వస్తుంది.

విమానంలో సీటు కూరగాయ కన్నా అన్యాయం. టమాటా ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు తక్కువకైనా అమ్మొచ్చు. విమానం ఖాళీ సీటుతో లేచిందంటే ఆ సీటు డబ్బు ఎప్పటికీ రాదు. డీరెగ్యులేషన్ తర్వాత అందరూ ఎగబడి ఫ్లైట్లు పెంచేశారు. 1979 తర్వాత ఇంధనం ధర మండిపోయింది. పైన ఆర్థిక మాంద్యం. అంటే ఫ్లైట్లు ఎక్కువ, జనం తక్కువ, ఖర్చు ఎక్కువ. పీపుల్ ఎక్స్‌ప్రెస్ లాంటి కొత్త కంపెనీలు చవక టికెట్లతో దిగి పాత కంపెనీల కస్టమర్లని లాక్కుంటున్నాయి.

ఆ టైంలో సమ్మె వచ్చింది. ప్రభుత్వం ఏం చేసింది? ముందే రెడీగా ఉన్న ప్లాన్ తీసింది. సుమారు 3 వేల మంది సూపర్‌వైజర్లు, సమ్మెలో చేరని 2 వేల మంది కంట్రోలర్లు, 900 మంది మిలిటరీ కంట్రోలర్లని కూర్చోబెట్టింది. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రద్దీ టైంలో ఫ్లైట్లని సగానికి తగ్గించమంది.

మొదట్లో నష్టం వచ్చింది, కాదనను. కానీ ఆలోచించండి. సగం ఖాళీగా తిరుగుతున్న ఫ్లైట్లని ఏ కంపెనీ ముందు తగ్గించదు, తగ్గిస్తే పక్కోడు ఆ టైమింగ్ కొట్టేస్తాడని భయం. ఇప్పుడు ప్రభుత్వమే అందరినీ ఒకేసారి తగ్గించమంది. పైగా లాండింగ్ టైమింగ్స్ రేషన్ అయిపోయాయి కాబట్టి కొత్త కంపెనీలు పెద్ద ఎయిర్‌పోర్టుల్లోకి రావడం కష్టమైంది. పాత కంపెనీలకి ఇది పూర్తిగా చేదు మందు కాదు. అందుకే ఓనర్లు కంట్రోలర్ల తరఫున వైట్‌హౌస్ తలుపు తట్టలేదు.

ఇంకోటి, పైలట్లు విమానాలు నడుపుతూనే ఉన్నారు. మెకానిక్కులు పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ళవీ యూనియన్లే, కానీ వీళ్ళతో పాటు ఆగలేదు. సెప్టెంబర్ 19న వాషింగ్టన్‌లో యూనియన్లన్నీ కలిసి 2.5 లక్షల మందికి పైగా జనంతో ర్యాలీ చేశాయి. ర్యాలీ ఘనంగా జరిగింది. విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

దీని దెబ్బ కంట్రోలర్లతో ఆగలేదు. ప్రెసిడెంటే సమ్మె చేసినవాళ్ళ ప్లేస్‌లో వేరేవాళ్ళని పెట్టాడంటే మనమెందుకు పెట్టకూడదు అని ప్రైవేటు కంపెనీలకి ధైర్యం వచ్చింది. 1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దివాలా కోర్టుకెళ్ళి యూనియన్ అగ్రిమెంట్లని పక్కన పడేసింది, జీతాలు దాదాపు సగానికి కోసింది. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పాతవాళ్ళకి ఒక జీతం, కొత్తగా చేరినవాళ్ళకి తక్కువ జీతం అనే పద్ధతి తెచ్చింది. ఒకే విమానం, ఒకే పని, రెండు జీతాలు. దేశం మొత్తం లెక్క చూస్తే, వెయ్యి మందికి పైగా పాల్గొన్న సమ్మెలు 1980లో 187. 1988కి 40. 2009లో కేవలం 5.

మరి ప్రైవేటు ఎయిర్‌లైన్ ఉద్యోగుల సంగతేంటి? వాళ్ళకి సమ్మె హక్కు ఉంది, కానీ తాళం చెవి మళ్ళీ ప్రెసిడెంట్ దగ్గరే. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ వాళ్ళకీ వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రెసిడెంట్ ఎమర్జెన్సీ బోర్డు వేస్తే సమ్మె 60 రోజులు ఆగిపోతుంది. 1989లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ గొడవలో ఆ బోర్డు వెయ్యండి అని యూనియన్ అడిగింది, బుష్ వెయ్యలేదు. సమ్మె జరిగింది, 1991 జనవరిలో కంపెనీయే మూతపడింది. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన నిమిషాల్లోనే క్లింటన్ బోర్డు వేసి ఆపేశాడు. క్లింటన్ డెమొక్రాట్, యూనియన్ల సపోర్ట్‌తో గెలిచినవాడు. అయినా ఆపాడు. పెద్ద కంపెనీ ఆగితే దేశం ఆగుతుంది కాబట్టి. కుర్చీలో కూర్చున్నాక ముందు చూసేది అదే.

1981లో తీసేసినవాళ్ళ మీద ఆ నిషేధం 1993లో క్లింటనే ఎత్తేశాడు. అప్పటికి 12 ఏళ్ళు. వాళ్ళలో మళ్ళీ ఆ సీట్లోకి వచ్చింది కొన్ని వందల మందే.

ఇప్పుడు చివరి సీన్. 2019 జనవరి. అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది. కంట్రోలర్లు 35 రోజులుగా జీతం లేకుండా పనిచేస్తున్నారు. జనవరి 25 ఉదయం రెండు సెంటర్లలో పదిమంది దాకా కంట్రోలర్లు ఒంట్లో బాలేదని రాలేదు. ఇది సమ్మె కాదు, మేం పిలుపివ్వలేదు అని యూనియన్ చెప్పింది. న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్టుకి వచ్చే విమానాల్ని కాసేపు ఆపాల్సి వచ్చింది. అదే రోజు ట్రంప్ షట్‌డౌన్ ముగిస్తున్నట్టు ప్రకటించాడు. వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ 13 వేల మంది బయటికొచ్చినా కదలని ప్రభుత్వం, పదిమంది రాని రోజున కదిలింది.

ఎందుకు? 1981లో వాళ్ళ ప్లేస్‌లో కూర్చోబెట్టడానికి మనుషులున్నారు, ఫ్లైట్లు తగ్గితే కొందరికి లాభం ఉంది, వాళ్ళు అడిగింది ఎక్కువ అని జనం అనుకున్నారు. 2019లో స్పేర్ మనుషులు లేరు, ఫ్లైట్లు ఆగితే లాభపడేవాళ్ళు లేరు, జీతం లేకుండా ఎవరు మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు అని జనం వాళ్ళ వైపే ఉన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే ఫ్రెండ్స్. ఎలక్షన్ ముందు వచ్చే ఉత్తరం అగ్రిమెంట్ కాదు. నా వాడే, మా సంఘం నుంచి వచ్చినవాడే అన్న నమ్మకం బలం కాదు. మీరు డెలివరీ యాప్‌లో పనిచేస్తున్నా, కాల్ సెంటర్‌లో ఉన్నా, కాంట్రాక్ట్ టీచర్ అయినా, రేపు పని ఆపాలనుకుంటే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. చట్టం ఏం చెప్తోంది? నేను ఆగితే నా సీట్లో ఎవరు కూర్చుంటారు? నా వల్ల నష్టపోయేదెవరు, చాటుగా లాభపడేదెవరు? నా పక్కనున్నవాడు నాతో ఆగుతాడా, లేక ర్యాలీకి వచ్చి ఫోటో దిగి వెళ్ళిపోతాడా?

పోరాడొద్దు అని నేను అనడం లేదు. ఆ 11,345 మంది అడిగిన స్టాఫ్ సమస్య అమెరికాలో ఈ రోజుకీ తీరలేదు. 2025 షట్‌డౌన్‌లో కంట్రోలర్లు చాలక 40 ఎయిర్‌పోర్టుల్లో ఫ్లైట్లు తగ్గించారు. అంటే వాళ్ళు చెప్పిన బాధ నిజం. బాధ నిజమైనంత మాత్రాన గెలుస్తాం అనుకోవడమే పొరపాటు.

మీ ఇంట్లో ఎవరైనా సమ్మెలో పాల్గొన్నవాళ్ళు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి, వాళ్ళ అనుభవం అడిగి కామెంట్స్‌లో రాయండి. నేను చదువుతాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.